లేచినవాళ్ళే ఓడినట్టు

అతన్ని అన్నయ్యా అని పిలిచినప్పుడల్లా నా నోట్లో చేదు ఊరేది. పిలవకుండా ఉండడానికి వీల్లేదు. మా సంఘంలో మగవాళ్ళంతా అన్నయ్యలే, ఆడవాళ్ళంతా అక్కయ్యలూ చెల్లెమ్మలూను. చర్చి గడప దాటి లోపలికొస్తే వేరే వరసలు చెల్లవు. ఈ అన్నయ్య మా సంఘపెద్ద గారి పెద్ద కొడుకు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పాటల పుస్తకం తెరవకుండా పాడేవాడు, గొంతు బాగుండేది, అంతవరకూ ఒప్పుకుంటాను. అంతకు మించి అతని గురించి మంచి చెప్పమంటే చెప్పలేను, చెప్పను కూడా.

తొంభైల్లో నర్సీపట్నంలో చదరంగం ఆడాలంటే మా చర్చి వెనక ఉన్న యూత్ హాలే దిక్కు. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు చేసి వచ్చి బల్లలు వేసేవాళ్ళు. నాలుగు బోర్డులు ఉండేవి. ఒకదానికి తెల్ల మంత్రి పోతే దాని బదులు సిరా బుడ్డి మూత పెట్టేవాళ్ళం. ఆట గడియారాలు లేవు. గోడ మీద ఒక పెద్ద గడియారం ఉండేది గానీ అది ప్రసంగం ఎంతసేపు సాగిందో చూసుకోవడానికి తగిలించింది.

ఆ హాలుకి ఒక పద్ధతి ఉండేది. మిగతా ఊళ్ళలో ఓడిపోయేవాడు రాజుని పడుకోబెడతాడట, లేకపోతే చెయ్యి కలుపుతాడట. మా దగ్గర అవేవీ లేవు. ఓడిపోయానని తెలిశాక మనిషి లేచి నిలబడాలి. అంతే. నోటితో చెప్పక్కర్లేదు. లేచి, చొక్కా సర్దుకుని, మూలన ఉన్న కుండ దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు తాగితే ఆట అయిపోయినట్టు. గెలిచినవాడు కూడా గెలిచానని అరవకూడదు, కూర్చునే పావులు సర్దాలి. లేచినవాళ్ళే ఓడినట్టు. ఈ పద్ధతి పెట్టింది మా సంఘంలోనే ఒక ముసలాయన, రిటైరైన పంతులు గారు. ఓడిపోయిన పిల్లాడి చేత ఓడిపోయానని చెప్పించడం పెద్ద తరహా కాదని ఆయన అభిప్రాయం. నాకు ఆట నేర్పింది కూడా ఆయనే. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి ఆయన మీద గెలిచాను. ఆయన బల్ల పట్టుకుని నెమ్మదిగా లేచి, పంచె దులుపుకుని, కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగాడు. అంత మర్యాద ఆ తర్వాత ఆ హాల్లో నేను చూడలేదు.

ఆయన పోయాక పద్ధతి మిగిలింది గానీ మర్యాద పోయింది. లేస్తే ఓడినట్టు కాబట్టి లేవకపోతే ఓడనట్టే అని కుర్రాళ్ళు కనిపెట్టారు. ఆ కనిపెట్టినవాళ్ళకి నాయకుడు మా అన్నయ్య.

హాల్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఎందుకు రానిచ్చారంటే పంతులు గారి శిష్యురాలినని. నన్ను పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు, నా చేతిలో ఓడే ధైర్యమూ లేదు. దాంతో వాళ్ళకి దొరికిన మార్గం మా వీధి కుళాయి. మా వీధికి నీళ్ళు సాయంత్రం ఒక్కపూటే వచ్చేవి. అమ్మకి నడుం నొప్పి, బిందెలు ఎత్తలేదు. నీళ్ళు పట్టడం నా పని. కుళాయి వేళకి నేను లేచి వెళ్ళాల్సిందేనని హాల్లో అందరికీ తెలుసు. ఇంకేం, ఆట వాళ్ళ చేతిలోంచి జారిపోగానే చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎత్తు వెయ్యరు, మాట్లాడరు. గడియారం వంక చూస్తారు, నా వంక చూస్తారు.

నేను ఇంటర్ చదివేటప్పటి ఆట ఒకటి ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అన్నయ్యకి మిగిలింది రాజూ రెండు బంట్లూ. నాకు ఏనుగూ గుర్రమూ ఉన్నాయి, పైగా ఒక బంటు ఇంకొక్క గడి నడిస్తే మంత్రి అయిపోతుంది. అలాంటి ఆటలో ఎవడికైనా సిగ్గుంటే లేస్తాడు. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. పాట ఒకటి కూనిరాగం తీశాడు. నేను ఎదురు చూశాను. గడియారం నా కుళాయి వేళ దాటింది.

"కుళాయి ఒచ్చీసుంటాది గదా సెల్లెమ్మా," అన్నాడు చాలా ప్రేమగా. "బేగెల్లు. అమ్మ గారు సూస్తంటారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మీ ఎత్తు వేసీండి అన్నయ్యా, ఎల్తాను," అన్నాను.

"ఆలోసిస్తన్నాను గదమ్మా. ఆలోసించకుండా ఎలాగెయ్యడం?"

ఇంకాసేపు కూర్చున్నాను. అమ్మ ఒక్కతే బిందెలు మోస్తుందన్న ఆలోచన వచ్చాక కూర్చోలేకపోయాను. లేచాను. నేను పూర్తిగా నిలబడకముందే "లేసీసింది!" అని కేకలు. అన్నయ్య మాత్రం కేక వెయ్యలేదు. పద్ధతి తప్పని మనిషి కదా, కూర్చునే పావులు సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి బిందెలు దించాక నాన్న అడిగారు, "ఎవులు గెల్సేరు?"

"నేనే నాన్నా."

"మరి లేసింది ఎవులు?"

"నేనే. కుళాయి వేళయిపోయింది గదా."

"అయితే ఏటి గెల్సేవు?" అని నవ్వి, లోపలికెళ్ళిపోయారు. నాన్న చెడ్డవారు కాదు. సామిల్లులో పని చేసి అలసిపోయి వచ్చే మనిషి, ఆయనకి ఇది పిల్లల గొడవ. కానీ ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు మొదలు నాకు కావలసింది ఒక్కటే. కప్పులు వద్దు, బహుమతులు వద్దు. నా చేతిలో ఓడిపోయానని ఆ మనిషి ఒప్పుకోవాలి. లేచి ఒప్పుకున్నా సరే, నోటితో ఒప్పుకున్నా సరే. డిగ్రీ అయ్యేదాకా ఆ హాల్లో ఆడాను. ఒప్పుకోలేదు.

రెండు వేలు దాటాక మా ఊళ్ళోకి నెట్ సెంటర్లు వచ్చాయి. బస్టాండుకి వెళ్ళే దారిలో ఒకదానిలో నాకు ఉద్యోగం దొరికింది. శుభలేఖలూ అప్లికేషన్లూ టైపు చెయ్యడం, ప్రింట్లు తియ్యడం, కేబిన్లు చూసుకోవడం. యజమాని కోటవురట్ల వైపు జీడితోటలున్న రైతు. ఉదయం ఒకసారి వచ్చి, కంప్యూటర్లకి అగరబత్తి చూపించి వెళ్ళిపోయేవారు. మిగతా రోజంతా సెంటరు నాదే. ప్లైవుడ్డు చెక్కలతో కట్టిన కేబిన్లు, వాటికి పూల కర్టెన్లు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమనే యూపీఎస్. మధ్యాహ్నాలు ఎవరూ వచ్చేవారు కాదు. ఆ ఖాళీలో ఒక చదరంగం సైటు కనపడింది.

అందులో మొదట ఆడింది ఏ దేశం వాడితోనో నాకు తెలీదు. పేరు పక్కన ఏదో జెండా ఉంది. నాకు రెండు పావులు ఎక్కువ ఉన్నాయి. అలవాటు కొద్దీ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను, వీడు నన్ను ఎంతసేపు కూర్చోబెడతాడో చూద్దామని. తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఏదో తప్పు జరిగిందనుకున్నాను, మా సెంటర్లో డబ్బా వస్తే అది తప్పే. చదివితే, అవతలి మనిషి రిజైన్ చేశాడని, అంటే ఓటమి ఒప్పుకున్నాడని ఉంది. కింద ఒక చిన్న వాక్యం, మంచి ఆట, థాంక్స్ అని ఇంగ్లీషులో. గెలిస్తే ఏం చెయ్యాలో కూడా నాకు తెలియలేదు. చాలాసేపటికి థాంక్స్ అని టైపు చేసేసరికి అవతలివాడు వెళ్ళిపోయాడు. కేబిన్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. అది ఆనందం కాదు, కోపం. ఇంత సులువైన పని చెయ్యడానికి ఆ హాల్లో అంతమందికి ఏం రోగమొచ్చింది అని కోపం.

తర్వాత ఆ సైటు మర్యాదలు ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. అక్కడ ప్రతివాడికీ ఒక గడియారం. ఆట పోయిందని తెలిశాక గడియారం నడవనిచ్చి అవతలివాణ్ణి కాపలా పెట్టడం అన్నిటికంటే నీచమైన పని. రిజైన్ అని ఒక బటను ఉంటుంది, నొక్కాలి. నొక్కాక ఒక మాట అనాలి. గెలిచినవాళ్ళు కూడా ఒక మాట అనాలి. నేను ఓడినప్పుడు ఆ బటను నొక్కడంలో నాకు చిన్నతనం అనిపించలేదు. ఎవరైనా నా చేతిలో ఓడితే బాగా ఆడారనీ థాంక్సనీ చెప్పకుండా ఒక్కసారి కూడా కదల్లేదు. ఎక్కడెక్కడి వాళ్ళో నన్ను మనిషిగా చూశారు, అది మాత్రం గట్టిగా గుర్తుంది.

ఈ సంగతి నేను నోరు జారి చర్చిలో ఒక చెల్లెమ్మతో అన్నాను. ఆ తర్వాతి ఆదివారం భోజనాల వేళకి హాలు జనమంతా నా కేబిన్లలో ఉన్నారు. ముందు నడిచినవాడు అన్నయ్యే. అప్పటికి జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయ్యాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకునేవాడు. సైట్లో తను పెట్టుకున్న పేరు ఏమిటో సెంటర్లో అందరికీ వినపడేలా చెప్పాడు.

ఆ రోజు నేను చూసింది చూశానని ఇప్పటికీ నమ్మకం కలగదు. అన్నయ్య ఎవడో విదేశీయుడితో ఆడుతున్నాడు. ఒక్క గుర్రం పోయింది. ఒకే ఒక్క గుర్రం, ఇంకా ఆట బోలెడు మిగిలి ఉంది. అతను లేచాడు. కుర్చీ వెనక్కి నెట్టి, చొక్కా సర్దుకుని, బయటికొచ్చి మా నీళ్ళ క్యాను దగ్గర గ్లాసు నింపుకుని తాగాడు. కాసేపటికి పక్క కేబిన్లోంచి ఇంకొకడు లేచాడు. ఆ తర్వాత ఇంకొకడు. ఏళ్ళ తరబడి కుర్చీలకి అతుక్కుపోయిన మనుషులు ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు టకటకా లేస్తున్నారు.

"మీరు లేసేరేటన్నయ్యా?" అని అడిగాను.

"ఓడిపోతన్నాను గదమ్మా. ఇంకా కూకోడం పెద్దమనిసి లక్షణం కాదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. వీడి పెద్దమనిషితనం నా దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది? లేవడం రానివాడైతే క్షమించేదాన్నేమో. లేవడం వచ్చినవాడు, నాకు మాత్రం లేవనివాడు. నోటికి వచ్చినవన్నీ మింగి, కేబిన్లోకి వెళ్ళి చూశాను. తెర మీద ఆట అలాగే ఉంది, అన్నయ్య గడియారం నడుస్తూనే ఉంది. అవతలి మనిషి మొదట హలో అన్నాడు, తర్వాత ఉన్నారా అన్నాడు, తర్వాత నేను ఇక్కడ రాయకూడని మాట అన్నాడు. అన్నయ్య పెద్దమనిషిలా లేచిన సంగతి ఆ దేశంలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

"బటను నొక్కాలన్నయ్యా," అన్నాను. "ఇక్కడ లేస్తే ఓడినట్టు కాదు. అవతలోలు మనకోసం సూస్తుంటారు."

"లేసీసేను గదా. ఇంకా బటనేటి?" అన్నాడు. మిగతావాళ్ళూ అదే పాట. ఓడినవాడి చేత ఓడానని చెప్పించకూడదని మన పంతులు గారే అన్నారు, మర్చిపోయావా అని నాకే పాఠం చెప్పాడొకడు.

అప్పటి నుంచి ఆదివారాలు నా పని ఏమిటంటే, వాళ్ళు లేచి టీకి వెళ్ళగానే ఒక్కొక్క కేబిన్లోకి దూరి వాళ్ళ తరఫున రిజైన్ నొక్కడం, వాళ్ళ తరఫున క్షమించమని టైపు చెయ్యడం. అన్నయ్య తరఫున కూడా నొక్కాను. అతని పేరు మీద ఓటమి ఒప్పుకుంటూ, అది నాకు కాకుండా ఇంకెవడికో ఒప్పుకుంటూ, పళ్ళు కొరుక్కున్నాను. ఒక ఆదివారం జ్వరమొచ్చి నేను సెంటరుకి వెళ్ళలేదు. మర్నాడు నా ఆట తెరవబోతే తెరుచుకోలేదు. ఈ చోటు నుంచి ఆడేవాళ్ళు ఆటలు మధ్యలో వదిలి పోతున్నారు, అందుకని ఇక్కడి వాళ్ళందరినీ ఆపేశాం అని రాసి ఉంది. మా సెంటరంతటికీ నెట్ లైను ఒకటే. వాళ్ళ దృష్టిలో నేనూ అన్నయ్యా ఒకటే. నా జన్మలో నాకు అంత అవమానం జరగలేదు.

సైటు వాళ్ళకి మెయిలు పెట్టి, మా ఊరి పద్ధతి వివరించి, బతిమాలితే కొన్నాళ్ళకి మళ్ళీ తెరిచారు. ఇంకోసారి జరిగితే శాశ్వతంగా మూసేస్తామన్నారు. వెంటనే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో టైపు చేసి ప్రతి కేబిన్లోనూ అంటించాను. ఓడినవారు రిజైన్ నొక్కి లేవవలెను, నొక్కనివారికి కేబిన్ ఇవ్వబడదు. ఆదివారం అన్నయ్య అది చదివి బయటికొచ్చాడు.

"ఏటి సెల్లెమ్మా, మాకే ఆట నేర్పుతావేటి?"

"నేర్పుతానన్నయ్యా. కూకోండి నాతోటి. మీరా కేబిన్లో, నేనీ కేబిన్లో. గంట గంట గడియారం పెట్టుకుందుము."

వెనకాల ఉన్నవాళ్ళు హుషారెక్కిపోయారు. అతను తప్పించుకోలేకపోయాడు. నేను అందరి ముందూ ఇంకొక మాట కూడా అన్నాను, హాలు పద్ధతి కాదు, సైటు పద్ధతి, లేచినా పర్లేదు, బటను నొక్కినవాళ్ళే ఓడినట్టు అని. సరే అన్నాడు. తల ఊపాడు కూడా. ఆ తల ఊపుడు నేను మర్చిపోను.

గంట గడియారం ఎందుకు ఒప్పుకున్నాడో ఆట మొదలయ్యాక అర్థమైంది. నేను సెంటర్లో పని చేసే మనిషిని. గంటలో నన్ను ఎవరో ఒకరు పిలవక తప్పదు. అనుకున్నట్టే మొదటి పిలుపు వచ్చింది, హాల్ టికెట్ ప్రింటు కావాలని. నేను లేచాను. పక్క కేబిన్ కర్టెన్ వెనకనుంచి ఆనందం ఆపుకోలేని గొంతు, "లేసీసేవు!"

"లేసేనన్నయ్యా. అయితే ఏటి? గడియారం మీదే నడుస్తంది, సూసుకోండి."

హాల్ టికెట్ ప్రింటు తీసిచ్చి, నీళ్ళు కూడా తాగి, నెమ్మదిగా వచ్చి కూర్చున్నాను. ఆట ఎక్కడుందో అక్కడే ఉంది. ఎవరూ పావులు సర్దెయ్యలేదు. ఆ తర్వాత అవసరం లేకపోయినా లేచాను, తలుపు దాకా వెళ్ళి వచ్చాను. అంత సుఖంగా ఎప్పుడూ ఆడలేదు. లేస్తూ కూర్చుంటూ అతని మంత్రిని తీసుకున్నాను. తర్వాత ఏనుగుని తీసుకున్నాను. ఇక అతని రాజు మూలన ఒంటరిగా ఉన్నాడు, గడియారంలో మాత్రం ఇంకా బోలెడు సమయం ఉంది.

"మీరంతా బైటికెల్లండెహె, బుర్ర పంజెయ్యట్లేదు," అని అతను తన చుట్టూ ఉన్నవాళ్ళని కసిరాడు. వాళ్ళు గుమ్మం బయట మెట్ల మీద నిలబడ్డారు. కర్టెన్ మూసుకుంది. అప్పుడే ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒకాయన అప్లికేషన్ ప్రింటు అడిగారు. లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ప్రింటరులో కాగితం ఇరుక్కుంది. దాన్ని లాగుతుండగా అన్నయ్య కర్టెన్ తీసుకుని బయటికొచ్చాడు. చొక్కా సర్దుకుంటూ గుమ్మం వైపు తిరిగి, "లేసీసింది. మీరందరూ సూసేరు గదా," అన్నాడు.

మెట్ల మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు చూసింది అదే. నేను కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాను, అతను నా తర్వాత లేచాడు. హాలు లెక్క ప్రకారం నేనే ఓడాను. చినిగిన కాగితం చేత్తో పట్టుకునే నా కేబిన్లోకి పరిగెత్తాను. తెర మీద డబ్బా ఉంది. అవతలి మనిషి రిజైన్ చేశాడని ఉంది. నేను లేవడం కర్టెన్ సందులోంచి చూసి, బటను నొక్కి, తన తెర మూసేసి వచ్చాడన్నమాట. నొక్కితే ఆట మాయమైపోతుంది, ఇంక ఎవరికీ కనపడదు అనుకున్నాడు. నేను అరుస్తూ బయటికొచ్చేసరికి మెట్లు ఖాళీ. అందరూ టీకి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా సంఘంలో ఇదే ముచ్చట. పాస్టరమ్మ గారు నా భుజం తట్టి, "పోన్లే అమ్మా, ఆటన్నాక గెలుపోటములుంటాయి," అన్నారు. నాన్న కూడా భోజనాల దగ్గర, "మల్లీ లేసీసేవంట?" అని అడిగారు. అబద్ధమాడింది వాడైతే ఓదార్పులు నాకు. సంజాయిషీ చెప్పబోతే ఓడినదాని ఏడుపులా ఉంటుందని నోరు మూసుకున్నాను. మరొక్కసారి కూర్చుని ఆడదాం రమ్మని కబురు పెడితే, చెల్లెళ్ళతో పంతాలేమిటి అని నవ్వాడట. పంతమట. అబద్ధానికి అతను పెట్టిన పేరు అది.

ఆ సైటు ప్రతి ఆటనీ దాచి ఉంచుతుందని అతనికి తెలీదు. నేను మా ఆట తెరిచాను. ఆఖరి ఎత్తు దగ్గర ఆపాను. మూలన ఒంటరిగా అతని రాజు, పైన నా పేరు, కింద అందరికీ చాటుకున్న అతని పేరు, పక్కన నల్లపావులవారు రిజైన్ చేశారు అన్న ముక్క. ఆ తెరని బొమ్మగా తీశాను. సెంటర్లో ఉన్న ప్రతి కంప్యూటరుకీ అదే ముఖచిత్రంగా పెట్టాను. ఎవరు ఏ కంప్యూటరు తెరిచినా ముందు కనపడేది అదే.

ఉదయం యజమాని వచ్చి అగరబత్తి చూపిస్తూ దాన్ని చూశారు. "ఇదేటమ్మా?" అన్నారు. చెప్పాను. కేబిన్లు నిండుతున్నాయి కదా, నీ ఇష్టం అన్నారు. రిజల్ట్స్ చూసుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు చూశారు, వాళ్ళలో సగం మంది అతని విద్యార్థులే. ఎవరు అడిగినా సండే స్కూల్లో కథ చెప్పినట్టు నిదానంగా, మొదటినుంచీ చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తగ్గించలేదు. ఆట తెలియనివాళ్ళకి ఆట కూడా నేర్పి చెప్పాను.

ఆదివారం దాకా ఆగలేక వారం మధ్యలో, కాలేజీ వేళలోనే వచ్చాడు. కొయ్యూరు నుంచి సర్టిఫికెట్ పని మీద వచ్చిన భార్యాభర్తలు కౌంటరు దగ్గర ఉన్నారు, వాళ్ళ వెనక నలుగురైదుగురు పిల్లలు. అతను ఒక కేబిన్లోకి వెళ్ళి వెంటనే బయటికొచ్చాడు. పక్క దాంట్లోకి వెళ్ళి వచ్చాడు. ఆ పక్క దాని కర్టెన్ ఎత్తి చూసి వదిలేశాడు. మొహం మాడిపోయింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అది తీసీ సెల్లెమ్మా," అన్నాడు.

"ఏదన్నయ్యా?"

"అదే. ఆ బొమ్మ."

"ఏ బొమ్మ? ఏటి బొమ్మో సెప్తే తీసీస్తాను."

అతను వెనక్కి తిరిగి చూశాడు. పిల్లలు కబుర్లు మానేసి ఇటే చూస్తున్నారు. "ఎందుకమ్మా పదిమందిలో ఇదంతా," అన్నాడు.

"పదిమందిలోనే గదన్నయ్యా నేను లేసీసేనని సెప్పేరు."

కొయ్యూరాయన తన కాగితాలు పక్కకి జరిపి చోటిచ్చాడు. అన్నయ్య కౌంటరు చెక్క మీద చెయ్యి పెట్టి, దాని వంకే చూస్తూ ఏదో అన్నాడు. ప్రింటరు మోగుతోంది. నాకు వినపడింది గానీ వినపడలేదన్నాను. ప్రింటరు ఆపాను.

"నీ సేతిలో నేను ఓడిపోనాను," అన్నాడు. "ఆ బొమ్మ తీసీ."

నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. సంతోషం కలిగింది. అతను చూస్తుండగా ఒక్కొక్క కేబిన్లోకి వెళ్ళి బొమ్మ తీసేసి, పాత ముఖచిత్రం పెట్టి, తిరిగి వచ్చి కౌంటరులో కూర్చున్నాను. అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. వెళ్ళడు. ఏం కావాలో నాకు తెలుసు. పర్లేదన్నయ్యా, బాగా ఆడారు అని నేను ఒక్క మాట అంటే తల ఎత్తుకుని బయటికి నడుస్తాడు. జెండా తప్ప మొహం తెలియనివాళ్ళందరికీ నేను అన్న మాటే అది, రోజూ అన్న మాటే.

నేను అతన్ని దాటి వెనకాల ఉన్నవాళ్ళ వైపు చూశాను.

"తర్వాత ఎవరండీ?" అన్నాను.